హైస్కూల్ బాస్కెట్‌బాల్ గార్డ్‌ని కాలేజీ లెక్కన అంచనా వేయడం ఎలా?

అమెరికాలో ఏ హైస్కూల్ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్లినా, ఆ రోజు ఎవరు బాగా ఆడారో స్కోర్‌బోర్డే చెప్తుంది. దానికి స్కౌట్ (కాలేజీల కోసం ఆటగాళ్లని చూసి అంచనా వేసేవాడు) అక్కర్లేదు. ఇప్పుడు 17 ఏళ్లున్న కుర్రాడు ఇంకో రెండేళ్లకి, తనకన్నా పెద్దవాళ్లు, బలమైనవాళ్ల మధ్య ఏం చేయగలడో ముందే పట్టుకోవడమే అసలు పని. బంతిని నడిపించే ఆటగాళ్లయిన గార్డ్‌ల విషయంలో ఇది మరీ చిక్కు. బుట్ట దగ్గర ఆడే 6 అడుగుల 10 అంగుళాల సెంటర్ కాలేజీకి వెళ్లినా అంతే ఎత్తుంటాడు. హైస్కూల్లో అందరినీ దాటేసి పరిగెత్తే గార్డ్ మాత్రం కాలేజీ జిమ్‌లోకి అడుగుపెట్టిన మొదటి రోజే మామూలు వేగం ఉన్నవాడిగా మారిపోవచ్చు.

అందుకే నేను చూసే పద్ధతి తీసివేత లెక్క. ఈ కుర్రాడి వేగం తీసేస్తే ఏం మిగులుతుంది? ఎదురుగా ఉన్నవాళ్లు ఒక్కసారిగా మూడు అంగుళాలు పెరిగితే ఏం మిగులుతుంది? ఆ మిగిలినదాన్ని బట్టే రిపోర్ట్ రాయాలి.

ఏమేం మారతాయో ముందు తెలుసుకోండి

హైస్కూల్ కోర్టు పొడవు 84 అడుగులు, కాలేజీది 94. హైస్కూల్ త్రీ పాయింట్ లైన్ (దీని వెనకనుంచి వేసిన షాట్‌కి మూడు పాయింట్లు) బుట్టకి 19 అడుగుల 9 అంగుళాల దూరంలో ఉంటుంది. కాలేజీ లైన్ పురుషులకి (పై స్థాయి అయిన డివిజన్ 1లో) 2019-20 నుంచి, మహిళలకి 2021-22 నుంచి 22 అడుగుల ఒకటిముప్పావు అంగుళం. అంటే దాదాపు రెండున్నర అడుగులు వెనక్కి జరగాలి. మ్యాచ్ 32 నిమిషాల నుంచి 40 నిమిషాలవుతుంది. కాలేజీలో 30 సెకన్ల షాట్ క్లాక్ ఉంటుంది, అంటే బంతి దొరికాక ఆ సమయంలోపు షాట్ వేయాలి. హైస్కూళ్లలో 35 సెకన్ల షాట్ క్లాక్ పెట్టుకునే స్వేచ్ఛ 2022-23 నుంచి రాష్ట్రాలకి వచ్చింది కానీ, అన్ని రాష్ట్రాలూ పెట్టుకోలేదు. షాట్ క్లాక్ లేని రాష్ట్రంలో ఆడే గార్డ్‌ని చూస్తుంటే, చివరి ఏడెనిమిది సెకన్లలో ఏదో ఒకటి పుట్టించాల్సిన పరిస్థితి అతనికి ఎప్పుడొచ్చిందో వెతికి మరీ చూడాలి. క్వార్టర్ ఆఖరి పొసెషన్లు (బంతి తమ జట్టు చేతిలో ఉన్న సమయాలు) అందుకు పనికొస్తాయి.

ఎవరి కోసం చూస్తున్నారు?

"మంచి ప్లేయర్" అన్న మాటకి ఇక్కడ అర్థం లేదు. డివిజన్ 1లో పెద్ద కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీలు కలిసి ఆడే లీగ్) జట్టుకా, చిన్న కాన్ఫరెన్స్ జట్టుకా, కింది స్థాయిలైన డివిజన్ 2కా, డివిజన్ 3కా, ఎన్‌ఏఐఏ (చిన్న కాలేజీల వేరే సంఘం) కాలేజీకా, రెండేళ్ల జూనియర్ కాలేజీకా? ఒకే కుర్రాడు ఒకచోట మూడేళ్లు బెంచ్ మీద కూర్చుంటాడు, ఇంకోచోట మొదటి ఏడాదే జట్టు నడుపుతాడు.

ఆపైన జట్టు అవసరం. 2018లో వచ్చిన ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా), ఆ తర్వాత సడలిన నిబంధనలు ఈ లెక్కని పూర్తిగా మార్చేశాయి. డివిజన్ 1 పురుషుల జట్లకి ఇదివరకు 13 స్కాలర్‌షిప్‌ల పరిమితి ఉండేది. కాలేజీ ఆటగాళ్లకి డబ్బు చెల్లించే విషయంలో నడిచిన హౌస్ కేసు సెటిల్‌మెంట్‌కి ఒప్పుకున్న కాలేజీలకి 2025-26 నుంచి దాని బదులు 15 మంది రోస్టర్ (జట్టు జాబితా) పరిమితి వచ్చింది. సీట్లు రెండు పెరిగినట్టు కనిపిస్తుంది కానీ, వాటికోసం పోర్టల్‌లోంచి వచ్చే 22, 23 ఏళ్ల గార్డ్‌లు కూడా పోటీ పడతారు. "మూడేళ్లలో తయారవుతాడు" అని మీరు రాస్తే, అన్నేళ్లు ఆగే ఓపిక కోచ్‌కి ఉందా, ఆ కుర్రాడు అక్కడే ఉంటాడా అన్నది కూడా ఆలోచించాలి. నన్నడిగితే, ఈ రోజుల్లో "మొదటి ఏడాది మ్యాచ్‌కి పది నిమిషాలు ఏం చేసి సంపాదిస్తాడు?" అన్న ప్రశ్నకి జవాబు లేని రిపోర్ట్ సగం రిపోర్టే.

ఏ మ్యాచ్‌లు చూడాలి

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుందేమో గానీ, గార్డ్ సంగతి ఒక్క మ్యాచ్‌తో తెలియదు. కనీసం మూడు రకాల మ్యాచ్‌లు చూడాలి: సొంత స్కూల్ జిమ్‌లో ఒకటి, బయటి ఊళ్లో బలమైన జట్టుతో ఒకటి, వేసవిలో క్లబ్ జట్టు తరఫున ఒకటి. 30 పాయింట్ల తేడాతో గెలిచే మ్యాచ్‌కి వెళ్లి పెట్రోల్ దండగ చేసుకోకండి.

స్కూల్ జట్టుకీ వేసవి జట్టుకీ మధ్య తేడా చాలా చెప్తుంది. స్కూల్లో బంతి ఎప్పుడూ ఇతని చేతిలోనే ఉంటుంది. నైకీ ఈవైబీఎల్, అడిడాస్ 3ఎస్‌ఎస్‌బీ, అండర్ ఆర్మర్ అసోసియేషన్ లాంటి, బూట్ల కంపెనీల పేరుతో నడిచే వేసవి సర్క్యూట్లలో పక్కన ఇంకో ఇద్దరు స్టార్లుంటారు. అక్కడ బంతి లేకుండా కార్నర్‌లో (కోర్టు మూలలో) నిలబడాల్సి వచ్చినప్పుడు ఏం చేస్తున్నాడో చూడండి. కాలేజీ మొదటి ఏడాదిలో అతని బతుకు చాలావరకు అదే.

సైడ్ కోర్టుల్లోకి కూడా తొంగి చూడండి. 2016 వేసవిలో ముర్రే స్టేట్ అసిస్టెంట్ కోచ్ జేమ్స్ కేన్ సౌత్ కరోలినాలో ఒక క్యాంప్‌కి వేరే కుర్రాడిని చూడ్డానికి వెళ్లాడు. వెనక చిన్న జిమ్‌లో ముగ్గురు ముగ్గురుగా ఆడుతున్న ఆటలో జా మొరాంట్ కంటపడ్డాడు. ర్యాంకింగ్ లిస్టుల్లో అతని పేరు లేదు. మూడేళ్ల తర్వాత 2019లో ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో రెండో పిక్‌గా వెళ్లాడు.

వార్మప్‌కి ముందే చేరుకోండి

మ్యాచ్ మొదలవడానికి ముప్పావుగంట ముందు జిమ్‌లో ఉండాలి. మొదటి పని ఎత్తు. ప్రోగ్రామ్‌లో రాసిన ఎత్తుని నమ్మొద్దు, అందులో బూట్లుంటాయి, అమ్మానాన్నల ఆశ కూడా ఉంటుంది. అమెరికాలో మామూలు తలుపు ఎత్తు 6 అడుగుల 8 అంగుళాలు. జిమ్ తలుపులు ఇంకాస్త ఎత్తు ఉండొచ్చు కాబట్టి ముందు మీరు నిలబడి చూసుకోండి, తర్వాత అతను లాకర్ రూమ్‌లోంచి వచ్చేటప్పుడు చూడండి. చేతులు వదిలేసి నిలబడ్డప్పుడు వేళ్లు తొడ మీద ఎక్కడిదాకా వస్తున్నాయో గమనిస్తే వింగ్‌స్పాన్ (చాచిన చేతుల మొత్తం పొడవు) మీద ఓ అంచనా వస్తుంది. 6 అడుగుల 1 అంగుళం గార్డ్‌కి పొడుగు చేతులుంటే డిఫెన్స్‌లో 6 అడుగుల 3 అంగుళాల వాడిలా పనికొస్తాడు.

భుజాల వెడల్పు చూడండి. అమ్మానాన్నలు స్టాండ్స్‌లో ఉంటే వాళ్ల ఎత్తు కూడా చూడండి. పుట్టిన తేదీ కనుక్కోండి: ఒక తరగతి వెనక్కి తగ్గి మళ్లీ చదువుతున్న 19 ఏళ్ల సీనియర్ (హైస్కూల్ ఆఖరి ఏడాది విద్యార్థి), 17 నిండని సీనియర్ ఒకే రకంగా ఆడుతుంటే వాళ్లిద్దరూ ఒకటి కాదు.

బంతిని వదిలేసి మనిషిని చూడండి

ఇది చెప్పినంత తేలిక కాదు. కళ్లు తమంతట తామే బంతి వెంట పోతాయి. మొదటి క్వార్టర్ అంతా ఏమీ రాయకుండా, అతన్ని మాత్రమే చూడండి. రెండో క్వార్టర్ నుంచి రాయడం మొదలుపెట్టండి.

నేను వాడే పద్ధతి చాలా చిన్నది. హాఫ్ కోర్టులో బంతి అతని చేతికొచ్చిన ప్రతిసారీ ఒక గుర్తు. నిర్ణయం సరైనదైతే ప్లస్, తప్పయితే మైనస్. ఫలితంతో సంబంధం లేదు. కార్నర్‌లో ఖాళీగా ఉన్నవాడికి సరైన సమయంలో బంతి అందించాక వాడు షాట్ మిస్సయితే, స్కోర్‌షీట్‌లో ఏమీ పడదు, నా కాగితం మీద ప్లస్ పడుతుంది. ముగ్గురి మధ్యలోకి దూరి ఎలాగో బుట్టలో వేస్తే రెండు పాయింట్లొస్తాయి, నా దగ్గర మైనస్. కాలేజీలో ఆ మూడో డిఫెండర్ పొడుగు 6 అడుగుల 9 అంగుళాలు. మ్యాచ్ అయ్యాక 24 పాయింట్లు కొట్టిన కుర్రాడి కాగితం నిండా మైనస్‌లే ఉండటం, 9 పాయింట్ల కుర్రాడి కాగితం ప్లస్‌లతో నిండటం తరచూ జరుగుతుంది.

పిక్ అండ్ రోల్: ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి

పిక్ అండ్ రోల్ అంటే, సహచరుడొకడు గార్డ్ మీదున్న డిఫెండర్‌కి అడ్డంగా నిలబడి (అదే స్క్రీన్), ఆపైన బుట్టవైపు కదలడం. కాలేజీ కోచ్ గార్డ్‌కి డబ్బు, స్కాలర్‌షిప్ ఇచ్చేది ముఖ్యంగా దీనికోసమే. అవతలి జట్టు స్క్రీన్‌ని ఎలా ఎదుర్కొంటోందో ముందు గుర్తించండి, తర్వాత ఇతను దాన్ని గుర్తించాడా లేదా చూడండి.

డ్రాప్ అయితే అవతలి బిగ్ మ్యాన్ (పొడుగు ఆటగాడు) పెయింట్ (బుట్ట ముందు చోటు) దగ్గర వెనక్కి ఉండిపోతాడు. అప్పుడు మధ్యలో ఖాళీ దొరుకుతుంది. తెలివైన గార్డ్ స్క్రీన్ దాటగానే వేగం తగ్గించి, తన డిఫెండర్‌ని వీపు మీద పెట్టుకుని, బిగ్ మ్యాన్ ఒక అడుగు ముందుకేసేదాకా ఆగుతాడు. వేసిన క్షణంలో బంతి రోలర్‌కి (స్క్రీన్ పెట్టి బుట్టవైపు పోయినవాడికి) వెళ్తుంది, వెయ్యకపోతే ఫ్లోటరో (పొడుగువాళ్ల మీదుగా ఎత్తుగా లేపే షాట్), పుల్ అప్ షాటో (డ్రిబుల్ ఆపి వేసేది). ఇక్కడ ఫ్లోటర్ లేని పొట్టి గార్డ్‌కి కాలేజీలో చాలా కష్టమవుతుంది.

హెడ్జ్ లేదా ట్రాప్ వస్తే ఇద్దరు మీదికొస్తారు. భయపడ్డ కుర్రాడు డ్రిబుల్ ఆపేసి బంతి నెత్తి మీద పట్టుకుంటాడు. తయారైనవాడు రెండు డ్రిబుల్స్ వెనక్కి వేసి, చోటు చేసుకుని, ఫ్రీ త్రో లైన్ దగ్గరికొచ్చిన సహచరుడికి పంపుతాడు. స్విచ్ చేస్తే, అంటే డిఫెండర్లు మనుషుల్ని మార్చుకుంటే, నెమ్మదైన బిగ్ మ్యాన్ ఎదురొస్తాడు. అప్పుడు వెనక్కి జరిగి చోటు చేసుకోవడానికి ఓపిక ఉందా, వెంటనే కష్టమైన స్టెప్ బ్యాక్ షాట్ (ఒక అడుగు వెనక్కి దూకి వేసేది) వేసేస్తున్నాడా?

ఇంకొకటుంది, చాలామంది వదిలేసేది. డిఫెండర్ స్క్రీన్ కిందినుంచి వెళ్తున్నాడంటే, ఇతని షాట్ మీద అవతలి కోచ్‌కి భయం లేదని అర్థం. ఆ కోచ్ వీడియోలు చూసి, తన గార్డ్‌లకి చెప్పి మరీ అలా ఆడిస్తున్నాడు. ఉచితంగా దొరికిన స్కౌటింగ్ రిపోర్ట్ అది.

పాస్‌లలో రెండు విషయాలు. డ్రిబుల్ ఆపకుండా ఒంటి చేత్తో, అందులోనూ బలహీనమైన చేత్తో, పాస్ ఇవ్వగలడా? స్క్రీన్‌కి అవతలి మూలలో ఉన్న షూటర్‌ని చూడగలడా? హైస్కూల్లో హెల్ప్ (సాయంగా వచ్చే ఇంకో డిఫెండర్) ఆలస్యంగా వస్తుంది కాబట్టి ఆ దారి చాలాసేపు తెరిచి ఉంటుంది. కాలేజీలో రెప్పపాటులో మూసుకుంటుంది. అందుకని పాస్ చేరిందా అన్నది కాకుండా ఎంత ముందుగా చేతిలోంచి బయల్దేరిందో చూడండి. మెరుపు వేగం లేకపోయినా, ఆగడం, తిప్పడం, కాళ్ల పనితనంతో గార్డ్ జేలెన్ బ్రన్సన్ విల్లనోవా యూనివర్సిటీలో 2016, 2018 జాతీయ టైటిళ్లు గెలిచాడు. అలాంటివాడి విషయంలో తీసివేత లెక్క వేస్తే పోయేది తక్కువ.

ఒత్తిడిలో బంతి

అవతలి జట్టు ఫుల్ కోర్ట్ ప్రెస్ (కోర్టు మొత్తం మీద వెంటపడే డిఫెన్స్) వేస్తే పండగే అనుకోండి. తల పైకెత్తి ఉందా, ఎడమవైపు నెట్టేస్తే ఏం చేస్తున్నాడు, సైడ్‌లైన్ మూలలో ఇరుక్కునే ముందే బంతి వదులుతున్నాడా చూడండి. కుడిచేతి వాటం కుర్రాడు ఎడమవైపు వెళ్లినప్పుడల్లా తిరిగి కుడికే వస్తుంటే రాసుకోండి. కాలేజీలో రెండో మ్యాచ్‌కల్లా అందరికీ తెలిసిపోతుంది.

షూటింగ్

త్రీ పాయింట్ శాతం చూసి మోసపోవద్దు. హైస్కూల్ సీజన్‌లో త్రీల సంఖ్య తక్కువ, ఒక మంచి వారంతో శాతం ఎగిరిపోతుంది. ఫ్రీ త్రో మాత్రం 15 అడుగుల నుంచే, హైస్కూల్లో అయినా కాలేజీలో అయినా, ఎదురుగా ఎవరూ లేకుండా. అందుకే షూటింగ్ చేయి ఎలాంటిదో త్రీల కన్నా ఫ్రీ త్రోలే నమ్మకంగా చెప్తాయి. త్రీలలో 40 శాతం, ఫ్రీ త్రోలలో 60 శాతం ఉన్న కుర్రాడి మీద నాకు అనుమానమే. త్రీలలో 31, ఫ్రీ త్రోలలో 86 ఉన్నవాడి మీద ఆశ.

వార్మప్‌లో అతను లైన్‌కి ఎంత వెనక నిలబడి వేస్తున్నాడో చూడండి. లైన్ మీదే కాలి బొటనవేలు పెట్టి వేసేవాడు కాలేజీ దూరం నుంచి కాళ్ల బలం చాలక బంతిని తోయడం మొదలుపెడతాడు. ఫామ్ విషయంలో మరీ పట్టింపు వద్దు. ఎన్‌బీఏ గార్డ్ టైరీస్ హాలిబర్టన్ షాట్ చూడ్డానికి వంకరగా ఉంటుంది, కానీ ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. ఐయోవా స్టేట్‌లో అతని మొదటి ఏడాది సగటు 7 పాయింట్ల లోపే, టర్నోవర్లు (బంతి పోగొట్టుకోవడాలు) మ్యాచ్‌కి సగటున ఒకటి లోపే. 2020 డ్రాఫ్ట్‌లో 12వ పిక్.

డిఫెన్స్

స్టీల్స్ (అవతలివాళ్ల బంతి లాక్కోవడం) సంఖ్యని పక్కన పెట్టండి. హైస్కూల్లో పాస్ దారుల్లో జూదమాడి ఐదు స్టీల్స్ చేసే గార్డ్, కాలేజీలో అదే జూదంలో ఐదు లేఅప్‌లు (బుట్ట దగ్గరి తేలిక షాట్లు) ఇస్తాడు. స్క్రీన్ వచ్చినప్పుడు దాని మీదుగా ఒళ్లు ఇరికించుకుని వెళ్తున్నాడా, చచ్చినట్టు తగులుకుని ఆగిపోతున్నాడా? హెల్ప్ నుంచి షూటర్ మీదికి పరిగెత్తి వచ్చేటప్పుడు ఆఖరి రెండు అడుగులు చిన్నవి చేసి ఆగుతున్నాడా, ఎగిరి దాటిపోతున్నాడా? స్కూల్ కోచ్ ఫౌల్ ట్రబుల్ (ఫౌల్స్ ఎక్కువై ఆటనుంచి తప్పుకోవాల్సి రావడం) భయంతో స్టార్ గార్డ్‌ని అవతలి బలహీనుడి మీద దాచిపెడతాడు. అలా దాస్తే, కోచ్‌ని అడిగి కారణం తెలుసుకోండి.

తప్పు చేశాక ఐదు సెకన్లు

డేవిడ్‌సన్ కాలేజీ అప్పటి కోచ్ బాబ్ మెకిలప్, తర్వాత ఎన్‌బీఏ స్టార్ అయిన, అప్పటికి హైస్కూల్ కుర్రాడైన స్టెఫెన్ కరీని లాస్ వేగస్ టోర్నమెంట్‌లో చూసిన రోజు, కరీ చాలా ఘోరంగా ఆడాడు. బంతి స్టాండ్స్‌లోకి విసిరాడు, సొంత కాలి మీదే డ్రిబుల్ చేసుకున్నాడు, షాట్లు పడలేదు. అయినా రిఫరీ మీద, సహచరుల మీద ఒక్కసారీ వేలు చూపించలేదు, బెంచ్ మీద కూర్చున్నప్పుడు అరుస్తూ ప్రోత్సహించాడు, కోచ్ మాట్లాడితే కళ్లలోకి చూశాడు. మెకిలప్‌కి గుర్తుండిపోయింది అదే. పెద్ద కాన్ఫరెన్స్ కాలేజీలేవీ కరీకి స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. డేవిడ్‌సన్‌లో మొదటి మ్యాచ్‌లో 13 టర్నోవర్లు చేశాడు. మెకిలప్ అతన్ని మర్నాడు మిషిగన్ మీద మళ్లీ ఆడించాడు, 32 పాయింట్లు వచ్చాయి.

దీన్నిబట్టి మంచి ప్రవర్తన ఉన్న ప్రతివాడూ కరీ అవుతాడనుకోవద్దు. ఆ టోర్నమెంట్‌లో పడకపోయినా షాట్ అతని దగ్గర ఉంది. కానీ టర్నోవర్ అయిన తర్వాత ఐదు సెకన్లు అతను ఏం చేస్తాడో ప్రతిసారీ రాసుకోండి: వెనక్కి పరిగెత్తాడా, చేతులు చాపి ఫిర్యాదు చేశాడా? టైమవుట్‌లో ఎక్కడ కూర్చున్నాడు?

అంకెలు

పాయింట్లకి బదులు ట్రూ షూటింగ్ శాతం (వేసిన షాట్లకి ఎన్ని పాయింట్లు రాబట్టాడన్న కొలత) వేయండి: మొత్తం పాయింట్లని, (ఫీల్డ్ గోల్ ప్రయత్నాలు + ఫ్రీ త్రో ప్రయత్నాలు × 0.44) × 2తో భాగించాలి. ఒక కుర్రాడు 22 షాట్లు, 6 ఫ్రీ త్రోలతో 24 పాయింట్లు చేస్తే 49 శాతం లోపే. ఇంకొకడు 9 షాట్లు, 4 ఫ్రీ త్రోలతో 15 చేస్తే దాదాపు 70. పేపర్లో వచ్చేది మాత్రం మొదటివాడి పేరే. అసిస్ట్ (సహచరుడు స్కోర్ చేసేలా ఇచ్చిన పాస్), టర్నోవర్ నిష్పత్తి కూడా చూడండి, కానీ అసిస్ట్‌లు లెక్కపెట్టేది స్కూల్ వలంటీరే కాబట్టి సొంత జట్టు మీద కాస్త ప్రేమ ఉంటుంది.

హైలైట్ వీడియోలు చూడకండి. పూర్తి మ్యాచ్ అడగండి, అదీ వాళ్లు ఓడిపోయిన మ్యాచ్.

జిమ్ బయట

మీరు కాలేజీ స్టాఫ్ అయితే, కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ క్యాలెండర్ చూడకుండా ఎవరితోనూ మాట్లాడొద్దు. ఇవాల్యుయేషన్ పీరియడ్‌లో ఆట చూడొచ్చు గానీ, క్యాంపస్ బయట కుర్రాడితోనో తల్లిదండ్రులతోనో రిక్రూటింగ్ మాటలు కూడదు. వాళ్ల కోచ్‌తో మాట్లాడండి, అంతకన్నా ముఖ్యంగా అతని మీద ఆడిన అవతలి కోచ్‌తో మాట్లాడండి. "ఇతన్ని ఆపడానికి ఏం ప్లాన్ వేశారు?" అని అడిగితే చాలు.

మార్కుల సంగతి ఆఖర్న చూద్దామని వదలొద్దు. డివిజన్ 1లో ఆడాలంటే హైస్కూల్లో 16 కోర్ కోర్సులు (ముఖ్యమైన చదువు సబ్జెక్టులు), వాటిలో 2.3 జీపీఏ ఉండాలి. అందులో పదింటిని సీనియర్ ఏడాది మొదలయ్యేలోపు పూర్తి చేయాలి. మూడో ఏడాది చివర్లో ఆరుకన్నా ఎక్కువ కోర్సులు బాకీ ఉన్న గార్డ్ ఎంత బాగా ఆడినా ముందు కౌన్సెలర్‌ని కలవాల్సిందే.

టెక్సస్‌లోని ఫ్రిస్కో, న్యూజెర్సీలోని ఎడిసన్ లాంటిచోట్ల మన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా స్కూల్ జట్లలో ఆడుతున్నారు. వాళ్ల ఇళ్లలో మొదట వచ్చే ప్రశ్న చదువు గురించే కాబట్టి ఒక మాట: ఐవీ లీగ్‌లోనూ, డివిజన్ 3లోనూ ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు, ఆర్థిక అవసరాన్ని బట్టో, డివిజన్ 3 కాలేజీల్లో అయితే చదువుని బట్టో సాయం ఉంటుంది. కానీ కోచ్‌కి నచ్చిన గార్డ్‌కి అడ్మిషన్‌లో ఆ ఆసక్తి గట్టిగా పనిచేస్తుంది. ఆ కోచ్‌లు వీడియోతోపాటే ట్రాన్‌స్క్రిప్ట్ కూడా అడుగుతారు. పిల్లవాడు ఎఫ్-1, హెచ్-4 వీసా మీద ఉంటే పనిచేసే అనుమతి పరిమితం, కాబట్టి ఎన్‌ఐఎల్ (ఆటగాడి పేరు, బొమ్మ వాడుకున్నందుకు డబ్బిచ్చే) ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగితీరాలి.

రిపోర్ట్ రాయడం

ఒక పేజీ దాటొద్దు. "అద్భుతమైన ప్రతిభ", "కష్టపడే తత్వం" లాంటి మాటలు కొట్టేయండి, వాటితో కోచ్ ఏమీ చేయలేడు. ఏం చూశారో రాయండి, దాన్నిబట్టి కాలేజీలో ఏం జరుగుతుందో రాయండి, ఆపైన తీసుకోవాలా వద్దా తేల్చి చెప్పండి. కల్పిత గార్డ్ ఒకడి మీద మచ్చుకి ఇలా:

"అసలు ఎత్తు 6 అడుగుల 1 అంగుళం, చేతులు పొడుగు, భుజాలు ఇంకా సన్నం. వేగం సగటు. డ్రాప్ మీద చాలా ఓపిగ్గా ఆడతాడు, ఎడమచేత్తో కార్నర్‌కి పాస్ ఇస్తాడు. ట్రాప్ వస్తే బంతి త్వరగా వదులుతాడు. ఫ్లోటర్ ఉంది, కుడివైపు మాత్రమే. ఫ్రీ త్రోలు 84 శాతం, త్రీలు లైన్‌కి రెండడుగుల వెనకనుంచి కూడా అదే ఫామ్. డిఫెన్స్‌లో స్క్రీన్ మీద చిక్కుకుంటాడు, బలం చాలదు. మొదటి ఏడాది: రెండో పాయింట్ గార్డ్‌గా 8 నుంచి 10 నిమిషాలు, బంతి పోగొట్టడు. మూడో ఏడాది: 15 పౌండ్లు పెరిగితే స్టార్టర్. మన కాన్ఫరెన్స్‌కి సరిపోతాడు, పై కాన్ఫరెన్స్‌కి చాలడు. నిర్ణయం: ఆఫర్ ఇవ్వొచ్చు. అంతకుముందు ఒకసారి ఫుల్ కోర్ట్ ప్రెస్ వేసే జట్టు మీద చూడాలి. మొన్న చూసిన రెండు జట్లూ ప్రెస్ వేయలేదు."